మాది సెటిల్‌మెంటే

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
16 జూన్ 2025

లూకా అన్నయ్యకు, వదినకు,

చెల్లెలు ఎలీసమ్మ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం, ఒక్క నా పేరు తప్ప. దాని సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోన్ ఎత్తడం లేదని నువ్వు కంగారుపడే ఉంటావు. ఫోన్ ఆపేసి బీరువాలో చీరల కింద పెట్టాను. రోజుకు ఏడెనిమిది సార్లు ఎవరో మగవాళ్లు చేసి డబ్బు కట్టమంటున్నారు. ఏ డబ్బయ్యా అంటే మోటారుసైకిల్ డబ్బు అంటారు. కోల్‌కతాలో ఏదో ఫైనాన్స్ కంపెనీ అట, దాని పేరూ అడ్రసూ చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. ఉత్తరాలంటే నీకు ఎలాగూ ప్రాణం. ముప్పై ఏడేళ్లు రైల్వే వర్క్‌షాప్ ఆఫీసులో గుమాస్తాగా చేసి బొబ్బిలి వెళ్లిపోయినవాడివి, దీనికీ ఒక ఫైలు తెరిచి ట్యాగు కట్టుకుని సంతోషించు.

అసలు సంగతి ఇది. సాలువా క్యాంపు పోలీసుల చొక్కాల మీద పేరు పట్టీలు కుట్టడం మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లు అయింది కదా. నేపాలీ పేరైనా, బెంగాలీ పేరైనా, ఎంత నోరు తిరగని పేరైనా ఇంతవరకు ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఇప్పుడు పట్టీలన్నీ కంప్యూటర్ మిషను మీదే కుట్టాలట. సెప్టెంబర్ పదిహేనులోగా మిషను తెచ్చుకుంటే పని నాదేనని, లేకపోతే కోల్‌కతా వాళ్లకు ఇచ్చేస్తామని స్టోరు చూసే థాపా గారు చెప్పారు. సరేనని లోను కోసం బ్యాంకుకి వెళ్లాను. ఆఫీసరు నవ్వుతూ కూర్చోబెట్టాడు, కంప్యూటర్ చూశాక నవ్వు ఆపేశాడు. నా క్రెడిట్ రిపోర్టులో ఒక మోటారుసైకిల్ లోను ఉందట, అది నేను ఎగ్గొట్టానట. లోను లేదు, టీ కూడా లేదు.

నాకు మీ బావ మీద అనుమానంగా ఉంది. వర్క్‌షాప్ నుంచి రాగానే సైకిలేసుకుని పోతాడు, ఎనిమిదింటికి వస్తాడు, ఎక్కడికంటే పలకడు. మోటారుసైకిల్ కొని ఎక్కడ దాచాడో తెలియదు. నిన్న గట్టిగా అడిగితే, “మోటారుసైకిలుంటే ఈ సైకిలు తొక్కుకుంటూ ఎందుకు సస్తానే?” అన్నాడు. అంతే, సైకిలెక్కి పోయాడు.

ఫోన్ చేసేవాళ్లందరూ చెడ్డవాళ్లు కారులే. మార్చిలో ఒక బెంగాలీ పిల్ల చేసింది, ఎంత మర్యాదో. నా పేరు పెట్టి పిలిచింది. బెంగాలీ నోట్లో పడి నా పేరు కాస్త వంకర తిరిగింది, అయినా ముద్దుగానే ఉంది. సెటిల్‌మెంటేనా అని అడిగింది. అవును సెటిల్‌మెంటే, ఓల్డ్ సెటిల్‌మెంట్, చర్చి పక్క సందు అని చెప్పాను. పాన్ కార్డు నంబరు అడిగితే కళ్లజోడు వెతుక్కుని మరీ చదివాను. మూడుసార్లు థాంక్యూ చెప్పింది. అలాంటి పిల్లల వల్లే ఇంకా వానలు పడుతున్నాయి.

నన్నేం చేయమంటావో తొందరగా రాయి.

మోటారుసైకిల్ ఎక్కని నీ చెల్లెలు
ఎలీసమ్మ

బొబ్బిలి
24 జూన్ 2025

విషయం: మోటారుసైకిల్ లోను గురించి.
సూచిక: నీ ఉత్తరం, తేదీ 16.6.2025.

చిరంజీవి ఎలీసమ్మకు,

పై విషయమై నీ ఉత్తరం ఈ నెల 23న అందింది. మీ వదిన చదివి కంటతడి పెట్టింది, తర్వాత బావ సంగతి దగ్గర నవ్వింది. బావని అనుమానించకు. పెళ్లైన కొత్తలో ఎవరిదో స్కూటరు తీసుకుని గోల్ బజార్ మురుగుకాలవలో దిగినవాడు మళ్లీ ఇంజనున్న బండి జోలికి వెళ్లడు.

ఇప్పుడు చేయవలసింది విను. ఇకమీదట ఫోనులో ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకు, ఏదైనా కాగితం మీదే జరగాలి. నీ పూర్తి క్రెడిట్ రిపోర్టు ఏడాదికొకసారి ఉచితంగా తీసుకోవచ్చునట, నెట్ సెంటరులో తీయించు. అందులో నీది కానిదానికి గీత పెట్టు. ఆ రిపోర్టు తయారుచేసే కంపెనీకి ఒకటి, ఫైనాన్స్ కంపెనీకి ఒకటి, రెండు ఫిర్యాదులు పాన్ కార్డు నకలుతో స్పీడ్ పోస్టులో పంపు. రసీదులు పారేయకు. ముప్పై రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు వంద రూపాయలు వాళ్లే మనకు ఇచ్చుకోవాలట. కాబట్టి వాళ్లు ఆలస్యం చేసినా మనకు విచారం లేదు.

ఫిర్యాదు నమూనా ఇంగ్లీషులో మూడు పేజీలు జతపరుస్తున్నాను. మొదటి పేజీలో మన నాన్నగారి సర్వీసు గురించి ఉంది, అది తీసేయకు. అన్నగా ఇక్కణ్నుంచి నేను చేయవలసిందీ ఒకటి చేసేశాను, ఆ సంగతి తర్వాత.

నీ ఉత్తరంలో చివర ఎవరో అమ్మాయి ముచ్చట ఉంది. ప్రస్తుత విషయానికి సంబంధం లేనిది గనుక వదిలివేశాను.

ఆశీస్సులతో,
లూకా

ఓల్డ్ సెటిల్‌మెంట్
9 జూలై 2025

అన్నయ్యకు వందనాలు,

సొంత చెల్లెలికి కూడా విషయం, సూచిక రాసే అన్న ఖరగ్‌పూర్ డివిజన్ మొత్తానికి నువ్వొక్కడివే. నీ ఉత్తరం సందులో అందరికీ చదివి వినిపించాను.

నెట్ సెంటరులో ఇందు అని మంచి పిల్ల ఉంది, రిపోర్టు తీసిపెట్టింది. పది పేజీలు. నా పాన్ నంబరు సరిగ్గానే ఉంది, క్వార్టర్ నంబరు కూడా. ఆ మోటారుసైకిల్ దగ్గర మాత్రం నా పేరు పాడుచేశారు. ఎలీసమ్మ అని రాయడం చేతకాక ఎలీషా ఎం.ఎ. అని రాశారు. ఎనిమిదో తరగతితో బడి మానేసినదానికి ఎం.ఎ. ఇచ్చారు. మీ బావ పొద్దుట్నుంచి నన్ను ప్రొఫెసరమ్మ అని పిలుస్తున్నాడు. నవ్వాను గాని లోపల కష్టంగానే ఉంది అన్నయ్యా. ఊళ్లో అందరి పేర్లూ సరిగ్గా కుట్టేదాని పేరు ఇలా రాస్తే ఎట్లా?

ఒక్క మంచి మాట కూడా ఉంది. లోను పక్కన సెటిల్డ్ అని రాసి ఉంది. మన కాలనీ పేరైనా గుర్తుపెట్టుకున్నారు, పూర్తిగా రాయడానికి చోటు చాలలేదు కాబోలు. మరి రిపోర్టు తీసుకెళ్లి చూపిస్తే బ్యాంకు ఆఫీసరు ముఖం ఎందుకు చిట్లించాడో తెలియలేదు. సెటిల్‌మెంట్ వాళ్లంటే చులకనా అని అడిగాను. అతను నావైపు వింతగా చూసి, “దీదీ, మీరు ఇంటికి వెళ్లండి” అన్నాడు.

ఐదో తారీకున రెండు ఫిర్యాదులూ పంపాను. నీ మూడు పేజీలు ఇందు ఒక పేజీకి తగ్గించింది. నాన్న సర్వీసు పోయింది, క్షమించు.

మీ బావ సాయంత్రాలు ఇంకా మాయమవుతూనే ఉన్నాడు. నిన్న సైకిలు టైర్లకు ఎర్రమట్టి అంటి ఉంది.

నీ చెల్లెలు
ప్రొఫెసర్ ఎలీసమ్మ

బొబ్బిలి
17 జూలై 2025

విషయం: సెటిల్డ్ అను మాటకు అర్థం.
సూచిక: నీ ఉత్తరం, తేదీ 9.7.2025.

ఎలీసమ్మా,

ఆఫీసు భాష పక్కనపెట్టి రాస్తున్నాను. సెటిల్డ్ అంటే మన కాలనీ కాదే తల్లీ.

బాకీ పూర్తిగా కట్టినవాళ్లకు క్లోజ్డ్ అని రాస్తారు. కట్టలేక బతిమాలి, తగ్గించుకుని రాజీపడినవాళ్లకు సెటిల్డ్ అని రాస్తారు. బ్యాంకువాళ్ల దృష్టిలో అది మచ్చ, ఏళ్ల తరబడి పోదు. అంటే ఆ మోటారుసైకిల్ నీదేనని, మొత్తం కట్టలేను, రాజీకి సిద్ధమని నీ పేరు మీద ఎవరో ఒప్పుకున్నారన్నమాట. ఆ రాజీ డబ్బు కోసమే ఆ ఫోన్లు.

ఎవరు ఒప్పుకున్నారు? నువ్వు ఫోనులో ఎవరితోనైనా ఏమైనా అన్నావా? నిజం చెప్పు. నాకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. మీ వదిన మాత్రం నా వాటా కూడా తింటూ ధైర్యం చెబుతోంది.

నీకు ఎం.ఎ. లేదని రుజువు చేయడం కూడా ముఖ్యం. నీ ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టు నకలు వెంటనే కంపెనీకి పంపు.

లూకా

ఓల్డ్ సెటిల్‌మెంట్
4 ఆగస్టు 2025

అన్నయ్యకు,

వందనాలు ఈసారి కొంచెం తక్కువగా ఉంటాయి, ఏమనుకోకు.

ఫైనాన్స్ కంపెనీ జవాబు వచ్చింది. ఇందు చదివి చెప్పింది. కస్టమరు మార్చి పదకొండున ఫోనులో రాజీకి ఒప్పుకున్నారట. అంతటితో ఆగక జూన్ ఇరవై నాలుగున బొబ్బిలి నుంచి ఉత్తరం రాసి మరీ రాజీ చేయమని ప్రాధేయపడ్డారట. ఆ ఉత్తరం నకలు కూడా పెట్టారు. మూడు పేజీలు. మొదటి పేజీ నిండా నాన్న సర్వీసు. చివరి లైను, కైండ్లీ సెటిల్ ద మ్యాటర్ ఎట్ ది ఎర్లియస్ట్ అండ్ ఆబ్లైజ్.

బొబ్బిలిలో నాకు తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు.

నన్ను ఫోనులో మాట్లాడొద్దని చెప్పి, నా పేరు మీద నువ్వు ఉత్తరం రాశావు. నేను ఫోనులో ఏ రాజీకీ ఒప్పుకోలేదు. రాజీ అనే మాటే నా నోటి నుంచి రాలేదు, కావాలంటే చర్చిలో నిలబడి చెబుతాను. కాబట్టి తప్పు నీ ఇంగ్లీషుది. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టు ఎందుకు పంపారో తెలియజేయమని కూడా అడిగారు. దానికి ఏం చెప్పమంటావో నువ్వే రాయి.

ఇక నలభై రోజులే ఉంది. నిన్న పాత మిషను ముందు కూర్చుని ఒక కొత్త పోలీసు పిల్లవాడి పేరు కుడుతుంటే, ఈ పని కూడా పోతే నేను ఎవర్ని అనిపించి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక అక్షరం తప్పు కుట్టి విప్పాల్సి వచ్చింది.

మీ బావతో నాలుగు రోజులుగా మాటల్లేవు. ఇప్పుడు నీతో కూడా మానేస్తే ఇంక నాకు మాట్లాడటానికి ఇందు ఒక్కతే మిగులుతుంది.

ఎలీసమ్మ

బొబ్బిలి
11 ఆగస్టు 2025

చెల్లెమ్మా,

విషయం లేదు, సూచిక లేదు. తప్పు నాది. వ్యవహారం తొందరగా తేల్చండి అని రాశాననుకున్నాను. ముప్పై ఏడేళ్లు ప్రతి కాగితం అదే లైనుతో ముగించాను, ఒక్కరూ దాన్ని రాజీ కింద తీసుకోలేదు. నీ పేరు మీద నీకు చెప్పకుండా రాయడం అంతకన్నా పెద్ద తప్పు. మీ వదిన నాకు రెండు రోజులు కాఫీ ఇవ్వలేదు, అదీ న్యాయమే.

కాని నా ఉత్తరం జూన్‌ది. ఫోను మార్చిది. మార్చిలో ఏం జరిగిందో తెలుసుకుందామని నిన్న మన ఫైలు మొదటినుంచి చదివాను. నీ మొదటి ఉత్తరం చివర ఆ అమ్మాయి ముచ్చట ఉందే, సంబంధం లేనిదని నేను వదిలేశానే, అక్కడ ఆగిపోయాను. సెటిల్‌మెంటేనా అని అడిగింది. సెటిల్‌మెంటే అన్నావు. అడ్రసు అడుగుతోందని నువ్వు అనుకున్నావు. రాజీకి ఒప్పుకున్నావని ఆ పిల్ల రాసుకుంది. పైగా పాన్ నంబరు కూడా నువ్వే చదివి ఇచ్చావు.

ఇంకోటి. ఎలీషా ఎం.ఎ. అన్నది నీ పేరు తప్పు రాయడం కాదు. మీ క్వార్టరులో మీకు ముందు ఉండి టాటానగర్ బదిలీ అయిపోయిన ఫిట్టరు ముద్దాడ ఆనంద్ ఎలీషా గుర్తున్నాడా? ఎం.ఎ. అతని ఇంటిపేరు, మధ్యపేరు. తన ఉత్తరాలు వస్తే చెప్పమని నీ ఫోన్ నంబరు రాసుకుని వెళ్లాడని నువ్వే ఒకప్పుడు చెప్పావు. కంపెనీకి అదే నంబరు ఇచ్చి ఉంటాడు. బెంగాలీ పిల్ల “ఎలీషా ఎం.ఎ.” అని అడిగితే నీ చెవికి “ఎలీసమ్మే” అని వినబడి ఉంటుంది. ఎవరికైనా అలాగే వినబడుతుంది. నేను పైకి పది సార్లు అనుకుని చూశాను.

ఈసారి కాగితం ఐదు లైన్లే. ఇందు చేత ఇంగ్లీషులో పెట్టించు, నేను పెట్టను. నేను ఎలీషాని కాను, ఎలీసమ్మని. నేను స్త్రీని. ఆ లోను నాది కాదు. లోను దరఖాస్తు మీద ఫొటో ఎవరిదో చూడండి. మార్చి పదకొండు ఫోను రికార్డింగు తీసి వినండి. అంతే. తేల్చండి అనే మాట ఎక్కడా రానీకు.

ఖరగ్‌పూర్‌లో వాళ్ల బ్రాంచి ఉంటే నువ్వే స్వయంగా వెళ్లు. నీ ముఖం కంటే మంచి రుజువు లేదు.

సిగ్గుతో,
మీ అన్నయ్య

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
14 సెప్టెంబర్ 2025, ఆదివారం

అన్నయ్యకు, వదినకు బోలెడన్ని వందనాలు,

పోయిన నెల తగ్గించినవి కూడా ఇందులో కలుపుకోండి. ఇన్నాళ్లూ జవాబు రాయలేదని అలిగానని అనుకోకు. అంతా అయ్యాకే రాద్దామని ఆగాను.

నువ్వు చెప్పినట్టే బ్రాంచికి వెళ్లాను. తోడు మీ బావ వచ్చాడు, మాటల్లేకుండానే. మేనేజరు కుర్రవాడే, ముందు దరఖాస్తు తీశాడు. ఫొటోలో ఎలీషా, ఇంత లావు మీసం. మేనేజరు ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. అప్పుడు మీ బావ మూడు వారాల మౌనం విడిచి, “సరిగ్గా సూడు దాదా, ఈమెకి మీసాల్లేవు, నోరొకటే ఉంది” అన్నాడు.

తర్వాత రికార్డింగు పెట్టారు. ఆఫీసులో అందరూ చుట్టూ చేరారు. ఆ పిల్ల గొంతు “ఎలీషా ఎం.ఎ.?” అంటుంది. నా గొంతు “హా, బోలో” అంటుంది. పిల్ల “సెటిల్‌మెంట్?” అంటుంది. నేను ఊరంతా వినబడేలా “హా హా, సెటిల్‌మెంట్, ఓల్డ్ సెటిల్‌మెంట్, చర్చి పక్క సందు” అంటాను. మొదట మేనేజరే నవ్వాడు. ఆ తర్వాత నాకు కూడా ఆగలేదు. నా మీద నేను అంత నవ్వుకోవడం ఎప్పుడూ లేదు. డబ్బు రాకముందే సెటిల్డ్ అని రాసేయడం కూడా తమ తప్పేనని అతనే ఒప్పుకున్నాడు. ఆ లోను నాది కాదని అక్కడికక్కడే కాగితం ఇచ్చాడు. ఎలీషా ఎక్కడున్నాడో తెలుసా అని అడిగితే, వాళ్ల మనిషిని వాళ్లే వెతుక్కోవాలన్నాను. ఇంటికొచ్చి ఎలీషాకి మాత్రం ఒక కార్డు రాశాను, నీ బండి ఆరు నెలలు నేను తోలాను, ఇక నువ్వే తోలుకో అని.

ఆగస్టు ఇరవై తొమ్మిదికి రిపోర్టులోంచి మోటారుసైకిల్ పోయింది. ఆ ఐదు లైన్ల కాగితం ఇచ్చిన ముప్పై రోజుల లోపే సరిచేశారు, రోజుకు వంద రూపాయలు రాలేదని నువ్వు విచారించకు. స్కోరు చూసి బ్యాంకు ఆఫీసరు మళ్లీ నవ్వాడు, టీ కూడా తెప్పించాడు. నిన్న మిషను ఇంటికొచ్చింది. గడువుకు రెండు రోజుల ముందు.

ఇప్పుడు మీ బావ సంగతి. మిషను వచ్చిందని చెప్పడానికి నిన్న సాలువా వెళ్లాను. థాపా గారు టీ ఇచ్చి, కోల్‌కతా వాళ్లు జూలైలోనే వచ్చి అడిగారని, ఇవ్వలేకపోయామని చెప్పారు. ఎందుకంటే, రోజూ సాయంత్రం ఒకాయన సైకిలు మీద వచ్చి స్టోరు ముందు బెంచీ మీద కూర్చునేవాడట. ఏమీ అడగడట. టీ తాగి, మా ఇంటావిడ మిషను తెస్తుంది అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయేవాడట. మూడు నెలలు.

ఇంటికొచ్చి అడిగాను. “నువ్వు తెస్తావని నాకు తెలుసు. ఆడికి తెలీదు గదా. అందుకే ఎల్లి కూకున్నాను” అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వొద్దంటావు అన్నాడు. నిజమే, వద్దనేదాన్ని. ఆ ఎర్రమట్టి టైర్లు నా చేత్తోనే కడిగాను అన్నయ్యా. కడుగుతూ ఏడ్చాను, పోయిన నెల ఏడుపులాంటిది కాదు.

ఈ రోజు చర్చి నుంచి రాగానే మిషను పెట్టాను. కుట్టే ముందు అది తెర మీద పేరు చూపించి, ఇదేనా, అవునా కాదా అని అడుగుతుంది. మొదటి పట్టీకి నా పేరే పెట్టాను. వెంటనే హా అనలేదు. కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం మూడుసార్లు చదివాను. మీ బావ చేత కూడా చదివించాను. అప్పుడు అవును అని నొక్కాను.

ఆ పట్టీ ఈ కవరులో ఉంది. మన ఫైలు అట్ట మీద కుట్టించి, ఫైలు మూసేయి. మూసినప్పుడు దాని మీద క్లోజ్డ్ అనే రాయి, ఇంకో మాట రాయకు.

నీ చెల్లెలు
ఎలీసమ్మ
ఎనిమిదో తరగతి